డీజిల్ పది రూపాయలు పెరిగితే ట్రాలీ ఆటో అన్నకి పోయేది ఎంత?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది పెట్రోల్, డీజిల్, గ్యాస్ రేట్ల గురించి. ఆగండి, అప్పుడే స్క్రోల్ చేసెయ్యకండి. "రేట్లు పెరిగాయి, సామాన్యుడి నడ్డి విరిగింది" అనే మాట టీవీలో వందసార్లు వినుంటారు. దాన్ని నూటొకటోసారి చెప్పడానికి నేను రాలేదు. ఆ నడ్డి ఎవరిది, ఎక్కడ విరుగుతుంది, ఎన్ని రూపాయల దగ్గర విరుగుతుంది, ఆ లెక్క చూద్దాం. కాగితం, పెన్ను అక్కర్లేదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

మనలో చాలామంది బంకుకెళ్లి "అన్నా, రెండొందలది కొట్టు" అంటాం. లీటర్ ఎంతో చూడం. రేటు పెరిగితే రెండొందలకి కొంచెం తక్కువ పెట్రోల్ వస్తుంది, అంతే. మన జేబులోంచి పోయేది మారదు కాబట్టి మనకి పెద్దగా తెలీదు. కానీ బండి మీదే బతికేవాళ్లకి ఆ సౌకర్యం లేదు. వాళ్లకి రోజుకి ఇన్ని కిలోమీటర్లు తిరగాలి, ఇన్ని లీటర్లు పొయ్యాలి. తక్కువ పోయిస్తే తక్కువ తిరుగుతుంది, తక్కువ తిరిగితే తక్కువ డబ్బులు.

సరే, మొదటి లెక్క. ఒక ట్రాలీ ఆటో అనుకోండి. మార్కెట్ నుంచి కూరగాయలు, హార్డ్‌వేర్ షాపు నుంచి సిమెంటు, ఇల్లు మారేవాళ్ల సామాన్లు, అన్నీ ఎక్కించే చిన్న గూడ్స్ బండి. ఈ అంకెలు నేను లెక్క కోసం తీసుకున్నవి, మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. రోజుకి సుమారు వంద కిలోమీటర్లు తిరుగుతుంది. లోడుతో లీటరుకి 14 వస్తుంది. అంటే రోజుకి 7 లీటర్లు. రోజు మొత్తం కిరాయిలు కలిపి 1,800 వచ్చాయి అనుకుందాం.

ఇప్పుడు ఖర్చులు తీసేద్దాం. డీజిల్ లీటరు 95 అయితే, 7 లీటర్లకి 665. బండి ఫైనాన్స్ కిస్తీ రోజు లెక్కన 400. టైర్లు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్ కోసం పక్కన పెట్టాల్సింది 150. పార్కింగ్, టోలు, చాయ్, మధ్యాహ్నం భోజనం 85. మొత్తం 1,300. మిగిలింది 500. ఈ అయిదొందలే ఇంటికెళ్లే డబ్బు. పిల్లల ఫీజు, ఇంటద్దె, బియ్యం, మందులు, అన్నీ ఇందులోంచే.

ఇప్పుడు డీజిల్ 95 నుంచి 105 అయింది. 7 లీటర్లకి 735. ఇంకేమీ మారలేదు. కిరాయి అదే, కిస్తీ అదే. ఇంటికెళ్లేది 430.

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. డీజిల్ పెరిగింది పదిన్నర శాతం. కానీ ఆ అన్న ఆదాయం తగ్గింది 14 శాతం. మీకు నెలకి పాతికవేల జీతం వస్తుంటే, ఒక ఉదయం లేచేసరికి అది ఇరవై ఒకటిన్నర వేలు అయిపోయినట్టు. పని మాత్రం అంతే, గంటలు కూడా అంతే.

ఇదే అసలు పాయింట్. ఇంధనం రేటు పెరిగితే చిన్న వ్యాపారి అమ్మకం వెంటనే తగ్గదు. గల్లాపెట్టెలోకి వచ్చేది అంతే ఉంటుంది. బయటినుంచి చూసేవాళ్లకి "వాడికేం, బండి రోజూ తిరుగుతూనే ఉంది" అనిపిస్తుంది. దెబ్బ పడేది చివరన మిగిలే ఆ కాస్త మిగులు మీద. మిగులు ఎంత చిన్నదైతే దెబ్బ అంత పెద్దది. పెద్ద కంపెనీకి వంద లారీలున్నా సరే, కాంట్రాక్టులో డీజిల్ రేటు మారితే కిరాయి ఎంత మారాలో ముందే రాసుకుంటారు. మన ట్రాలీ అన్నకి అలాంటి కాగితం ఏదీ లేదు. ఆయన కాంట్రాక్టు ఫోన్‌లో ఒక మాట: "అన్నా, ఎప్పుడిచ్చేదే కదా, అంతే ఇస్తా."

మరి కిరాయి పెంచుకోవచ్చు కదా అంటారా? ఇంకో లెక్క చూడండి. ఆయనకి పోయింది రోజుకి 70 రూపాయలు. 1,800 మీద 70 అంటే నాలుగు శాతం కూడా కాదు. వంద రూపాయల కిరాయికి నాలుగు రూపాయలు ఎక్కువిస్తే ఆయన నష్టం పూడిపోతుంది. వినడానికి చాలా చిన్న మాట. కానీ ఆ నాలుగు రూపాయలు అడగడమే కష్టం. ఎందుకంటే, అడ్డా మీద ఆయన పక్కనే ఇంకో పది బండ్లు నిలబడి ఉంటాయి. ఆయన పెంచి చెబితే పక్క బండి పాత రేటుకి వెళ్లిపోతుంది. ఆ పక్కవాడిక్కూడా నష్టమే, కానీ పొద్దుటినుంచి బోణీ కాలేదు, కిస్తీ తేదీ దగ్గరపడింది. ఖాళీగా ఉండటం కంటే తక్కువకి వెళ్లడం నయం అనుకుంటాడు. ఇలా అందరూ కలిసి పాత రేటుకే తిరుగుతారు. అందరూ నష్టపోతారు.

రెండో అడ్డంకి ఇంకా విచిత్రంగా ఉంటుంది. దాన్ని నేను చిల్లర సమస్య అంటాను. టిఫిన్ సెంటర్‌ని తీసుకోండి.

హోటళ్లు, టిఫిన్ సెంటర్లు వాడాల్సింది 19 కేజీల కమర్షియల్ సిలిండర్. ఇంట్లో వాడే 14.2 కేజీల సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు, పట్టుకుంటే కేసు. కమర్షియల్ సిలిండర్ రేటు మామూలుగా ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది. ఇంటి సిలిండర్ మీద జీఎస్టీ 5 శాతం అయితే, దీనిమీద 18 శాతం. మామూలు హోటల్ బిల్లు మీద 5 శాతం జీఎస్టీ పద్ధతిలో ఉన్నవాళ్లకి ఆ 18 శాతం వెనక్కి రాదు. ఖర్చులో కలిసిపోతుంది.

2022 ఏప్రిల్ 1న ఈ కమర్షియల్ సిలిండర్ ఒక్కరోజే 250 రూపాయలు పెరిగింది. మే 1కి ఢిల్లీలో 2,355 రూపాయల 50 పైసలు అయింది. అదే సమయంలో ఉక్రెయిన్ యుద్ధం వల్ల సన్‌ఫ్లవర్ నూనె కూడా మండిపోయింది. గుర్తుందా? మన పూరీ, మన దోసె ఆ రెండింటి మధ్యలో ఇరుక్కున్నాయి.

ఒక చిన్న టిఫిన్ సెంటర్. భార్యాభర్తలు, ఒక పనిమనిషి. రెండురోజులకి ఒక సిలిండర్, నెలకి 15. సిలిండర్‌కి 250 చొప్పున నెలకి 3,750 అదనం. రోజుకి రెండొందల ప్లేట్లు అమ్ముతారు, అంటే నెలకి ఆరు వేల ప్లేట్లు. ఒక్కో ప్లేటు మీద పడ్డ భారం ఎంత? 62 పైసలు.

ఇప్పుడు ఆమె ఏం చెయ్యాలి? 30 రూపాయల ఇడ్లీని 30 రూపాయల 62 పైసలు చెయ్యలేదు. 31 కూడా చెయ్యలేదు, చిల్లర ఎవరి దగ్గరా ఉండదు. ఫోన్‌పే వచ్చాక 31 కూడా పెట్టొచ్చు కదా అని మీరు అనొచ్చు. కానీ బోర్డు మీద 31 అని రాస్తే మనమే నవ్వుతాం. ఆమె ముందు రెండే దారులు. ఒకటి, 30కే అమ్మి నెలకి 3,750 తనే భరించడం. రెండోది, 35 చెయ్యడం. 35 చేస్తే మనం ఏమంటాం? "గ్యాస్ పేరు చెప్పి ఒకేసారి అయిదు రూపాయలు పెంచేసింది." ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, ఆ ఒక్క నెల లెక్క ప్రకారం చూస్తే అయిదు ఎక్కువే. కానీ ఆమె అంతకుముందు ఆరేడు నెలలు 30 దగ్గరే ఆగి నష్టం భరించింది, అది మనకి కనపడదు. అందుకే చాలామంది రేటు పెంచరు. ఇడ్లీ సైజు తగ్గుతుంది. నాలుగు మూడవుతాయి. అల్లం చట్నీ ఆగిపోతుంది. రెండోసారి సాంబారు అడిగితే మొహం చిట్లిస్తారు. మనకేమో "ఈ మధ్య ఇక్కడ టేస్ట్ తగ్గింది" అనిపిస్తుంది. టేస్ట్ తగ్గలేదు, సిలిండర్ పెరిగింది.

మూడో రకం వాళ్లున్నారు. వాళ్లకి రేటు పెంచుకునే హక్కే లేదు. హైదరాబాద్ ఆటో మీటర్ రేటు 2014లో మార్చారు. మొదటి 1.6 కిలోమీటర్లకి 20 రూపాయలు, తర్వాత కిలోమీటరుకి 11. 2022 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో పెట్రోల్ 119 దాటినప్పుడు కూడా కాగితం మీద అదే రేటు. ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో ఇంధనం పెరిగింది, ఇంటద్దె పెరిగింది, ఇన్సూరెన్స్ పెరిగింది, మీటర్ మాత్రం పెరగలేదు. దాని ఫలితం మనందరికీ తెలుసు. మీటర్ వెయ్యడం మానేశారు. "ఎంతకొస్తావ్" అనే బేరం మొదలైంది. ఆటోవాళ్లు మోసం చేస్తారని మనకి కోపం, మీటర్ మీద తిరిగితే ఇల్లు గడవదని వాళ్లకి కోపం. సర్కారు కాగితం ఒక చోట ఆగిపోతే రోడ్డు మీద ఇద్దరు మనుషులు రోజూ పోట్లాడుకుంటారు. దానికి తోడు ఇప్పుడు యాప్‌లొచ్చాయి. అక్కడ రేటు యాప్ చెబుతుంది, పెట్రోల్ మాత్రం డ్రైవర్ పోయించుకోవాలి.

ఫుడ్ డెలివరీ చేసే తమ్ముడిది కూడా ఇదే కథ. బండి తనది, పెట్రోల్ తనది, ఫోన్ డేటా తనది. ఆర్డర్‌కి ఎంత ఇవ్వాలన్నది తన చేతిలో లేదు. హోటల్ దగ్గరికి వెళ్లడానికి తిరిగిన దూరం, ఆర్డర్ ఇచ్చాక ఖాళీగా వెనక్కి వచ్చే దూరం, అదంతా కూడా పెట్రోలే. రేటు లెక్కేసేటప్పుడు మాత్రం ఆ ఖాళీ కిలోమీటర్లు సరిగ్గా లెక్కలోకి రావు.

ఇంకొంచెం దూరం వెళ్దాం, విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌కి. అక్కడి మరబోట్లు ఒకసారి వేటకి వెళితే రెండు మూడు వారాల దాకా సముద్రం మీదే ఉంటాయి. వేలాది లీటర్ల డీజిల్, టన్నుల కొద్దీ ఐసు, కళాసీలకి తిండి సరుకులు ఎక్కించుకుని బయల్దేరతాయి. ఆ ఖర్చులో పెద్ద వాటా డీజిల్‌దే. తిరిగొచ్చాక చేప రేటు ఎవరు చెబుతారు? బోటు ఓనరు కాదు. ఒడ్డు మీద వేలంలో కొనేవాళ్లు. చేప ఆగదు కదా, ఐసు కరిగేలోపు అమ్మాలి. అంటే కొనే డీజిల్ రేటూ తన చేతిలో లేదు, అమ్మే చేప రేటూ తన చేతిలో లేదు. రెండు వైపులా తలుపులు మూసిన గది అది.

చాలా బోట్ల మీద ఖర్చులన్నీ తీసేశాకే కళాసీల వాటా లెక్క తేలుతుంది. కాబట్టి డీజిల్ పెరిగితే ఓనరు ఒక్కడే కాదు, వల లాగే మనిషి కూడా నష్టపోతాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో మత్స్యకారులకి డీజిల్ మీద ఇచ్చే సబ్సిడీని లీటరుకి 9 రూపాయలు చేసింది. మంచిదే. కానీ అప్పుడు డీజిల్ 70 రూపాయల చుట్టూ ఉండేది. 2022లో 105 దాటింది. సబ్సిడీ మాత్రం అదే 9. ఇంత అని రూపాయల్లో కట్టేసిన సాయం, రేటు పెరిగేకొద్దీ చిన్నదైపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

సరే, ఇప్పుడు అసలు ఈ రేటు ఎలా తయారవుతుందో త్వరగా చూసేద్దాం. ఇది తెలీకపోతే వాట్సాప్‌లో వచ్చే ప్రతి ఫార్వర్డ్ నిజంలాగే ఉంటుంది.

మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే కొంటున్నాం, డాలర్లలో. కాబట్టి చమురు పెరిగినా దెబ్బే, రూపాయి పడినా దెబ్బే. పెట్రోల్ రేటు మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో తీసేశారు. డీజిల్ మీద 2014 అక్టోబర్‌లో తీసేశారు. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజూ పొద్దున ఆరింటికి రేటు మారే పద్ధతి వచ్చింది. అంతకుముందు మే నెలలో అయిదు ఊళ్లలో ట్రయల్ వేశారు, అందులో మన విశాఖపట్నం ఒకటి.

రోజూ మారడం అంటే, ప్రపంచంలో పెరిగితే ఇక్కడ పెరగాలి, తగ్గితే ఇక్కడ తగ్గాలి. కాగితం మీద అంతే. కానీ జరిగింది చూడండి. 2020లో లాక్‌డౌన్ వచ్చి ప్రపంచమంతా బండ్లు ఆగిపోయాయి, ముడిచమురు కుప్పకూలింది. మన బంకుల్లో రేటు కూడా కూలాలి కదా? ఆ మార్చిలో, మేలో కేంద్రం ఎక్సైజ్ సుంకం పెంచింది. మేలో ఒక్కసారే పెట్రోల్ మీద 10, డీజిల్ మీద 13. డీజిల్ మీద ఎక్సైజ్ ఆ రెండు నెలల్లో 15 రూపాయల 83 పైసల నుంచి 31 రూపాయల 83 పైసలకి వెళ్లింది, అంటే రెట్టింపు. తగ్గాల్సిన లాభం జనానికి రాలేదు, ఖజానాకి వెళ్లింది. తర్వాత 2021 నవంబర్‌లో, 2022 మేలో రెండుసార్లు సుంకం తగ్గించారు, అదీ నిజమే.

ఇంకో ముచ్చట. 2021 నవంబర్ నుంచి 2022 మార్చి 22 దాకా, నాలుగున్నర నెలలు బంకు రేటు కదల్లేదు. ఆ మధ్యలో ఉత్తరప్రదేశ్, పంజాబ్ లాంటి రాష్ట్రాల్లో ఎలక్షన్లు జరిగాయి. అయిపోయాక 16 రోజుల్లో 14 సార్లు పెరిగింది, మొత్తం లీటరుకి 10 రూపాయలు. చిన్న వ్యాపారికి దీనివల్ల వచ్చే ఇబ్బంది ఏంటంటే, రేటు ఎక్కువ ఉండటం ఒక ఎత్తు, అది ఎప్పుడు ఎగురుతుందో తెలీకపోవడం ఇంకో ఎత్తు. నెల ముందు ఒప్పుకున్న పెళ్లి కిరాయి, స్కూల్ పిల్లల వ్యాన్ ఫీజు, జూన్‌లో మాట్లాడుకున్న పాల సప్లై, ఇవన్నీ పాత రేటు మీద కట్టుకున్న మాటలు. పదహారు రోజుల్లో ఆ మాటలన్నీ నష్టం అయిపోయాయి.

పన్ను సంగతి. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోల్ సుమారు 107 ఉండేది. అప్పుడు అందులో కేంద్రం ఎక్సైజ్ దాదాపు 20, రాష్ట్రం వ్యాట్ సుమారు 28 ఉండేవి. అంటే 107లో 48 పన్నే. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. ఆంధ్రాలో పెట్రోల్ మీద 31 శాతం, డీజిల్ మీద 22.25 శాతం, పైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. వ్యాట్ శాతంలో ఉంటుంది కాబట్టి చమురు రేటు పెరిగితే రాష్ట్రానికి వచ్చే పన్ను కూడా దానంతటదే పెరుగుతుంది. కేంద్రం వాళ్లు రాష్ట్రాన్ని అంటారు, రాష్ట్రం వాళ్లు కేంద్రాన్ని అంటారు. మీరు ఏ పార్టీ అభిమానైనా సరే, ఇద్దరి వాటా తెలుసుకుని మాట్లాడండి.

జీఎస్టీలోకి తెస్తే అయిపోతుంది కదా అని చాలామంది అంటారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోల్, డీజిల్‌ని బయట పెట్టారు. లోపలికి తెస్తే రేటు తగ్గే అవకాశం ఉంది, కానీ రాష్ట్రాలకి పెద్ద ఆదాయం అదే కాబట్టి అవి ఒప్పుకోవడం కష్టం. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. జీఎస్టీలోకి వస్తే కట్టిన పన్నుని వెనక్కి లెక్క చూపించుకునే సౌకర్యం రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద వ్యాపారాలకి వస్తుంది. రిజిస్ట్రేషన్ లేని ట్రాలీ అన్నకి అది రాదు. ఆయనకి లాభం రావాలంటే మొత్తం పన్నే తగ్గాలి.

ఇప్పుడు ముఖ్యమైన చోటికి వద్దాం. రోజుకి 70 పోతే ఏమవుతుంది? సినిమా మానేస్తారా, బిర్యానీ మానేస్తారా? అంతటితో ఆగితే బాగుండేది.

మన లెక్కలో టైర్లు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్ కోసం రోజుకి 150 పక్కన పెట్టాం, గుర్తుందా? డీజిల్ పెరిగినప్పుడు మొదట పోయేది అదే. ఎందుకంటే కిస్తీ ఆపితే ఫైనాన్స్ వాళ్లు బండి ఎత్తుకుపోతారు. ఇంటి ఖర్చు ఆపితే పొయ్యి వెలగదు. ఆ 150 ఆపితే ఈ రోజు ఏమీ కాదు. అరిగిన టైరు ఇంకో రెండు నెలలు నడుస్తుంది. బ్రేకు చప్పుడు చేస్తున్నా పనిచేస్తుంది. ఇన్సూరెన్స్ అయిపోయినా పోలీసు ఆపేదాకా తెలీదు. ఆ తర్వాత ఒక వాన రోజు ఆ టైరు జారితే, ఆ ఇన్సూరెన్స్ లేకపోతే, ఆ కుటుంబం ఇక లేవదు. ఎదురుగా బైక్ మీద వచ్చేది మీరో నేనో కూడా కావచ్చు. డీజిల్ రేటు మన రోడ్డు భద్రతలోకి ఇలా చొరబడుతుంది.

రెండోది అప్పు. రోజువారీ ఫైనాన్స్ అని ఉంటుంది. పదివేలు అని చెప్పి వడ్డీ ముందే కోసుకుని తొమ్మిదో, ఎనిమిదిన్నరో చేతిలో పెడతారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. రోజుకి 70 తగ్గిన మనిషి, కిస్తీ కట్టడానికి ఈ అప్పు తెస్తాడు. ఇప్పుడు రోజుకి ఇంకో 100 బయటికి. 500 మిగిలే మనిషికి 330 మిగులుతుంది. పెట్రోల్ రేటు రేపు తగ్గినా ఈ అప్పు తగ్గదు. రేటు పెరిగిన నెల అయిపోతుంది కానీ, ఆ నెలలో చేసిన అప్పు ఏడాదంతా వెంటాడుతుంది. రేట్లు దిగాక కూడా వాళ్లు ఎందుకు తేరుకోరు అంటే కారణం ఇదే.

మరి ఏం చెయ్యొచ్చు? మీ ఇంట్లో, మీ బంధువుల్లో, మీ ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు బండి మీద బతికేవాళ్లు కచ్చితంగా ఉంటారు. వాళ్లకి ఫోన్‌లో లెక్కలు చేసిపెట్టగలిగేది మీరే. కాబట్టి ఈ భాగం మీ కోసం.

మొదటిది, కిలోమీటరు ఖర్చు తెలుసుకోవాలి. చాలామందికి రోజు డీజిల్ ఎంతో తెలుసు, కిలోమీటరుకి ఎంతో తెలీదు. ట్యాంకు నింపినప్పుడు రీడింగ్ రాసుకోండి, మళ్లీ నింపినప్పుడు రాసుకోండి. రెండు మూడు వారాలు చేస్తే నిజమైన మైలేజీ తెలుస్తుంది. లీటరుకి 14 ఇచ్చే బండికి డీజిల్ 95 ఉంటే కిలోమీటరుకి 6 రూపాయల 80 పైసలు. 105 అయితే 7 రూపాయల 50 పైసలు. తేడా 70 పైసలు. ఈ ఒక్క అంకె తెలిస్తే బేరంలో మాట మారుతుంది. "డీజిల్ పెరిగింది సార్, చూసి ఇవ్వండి" అంటే బతిమాలినట్టుంటుంది. "మీ షాపు నుంచి సైటుకి పోను రాను 40 కిలోమీటర్లు, పోయినసారి కంటే 28 రూపాయలు ఎక్కువ డీజిల్" అంటే లెక్క చెప్పినట్టుంటుంది. లెక్కకి ఎదురు చెప్పడం కష్టం.

రెండోది, రెగ్యులర్ గిరాకీతో ముందే మాట రాసుకోవడం. పెద్ద కంపెనీలు చేసేదే మనం చిన్నగా చేద్దాం. వాట్సాప్‌లో ఒక మెసేజ్ చాలు: "ఈ రోజు డీజిల్ రేటు ఇంత, ఈ కిరాయి దీని మీద. అయిదు రూపాయలు పెరిగితే కిలోమీటరుకి 35 పైసలు కలుపుతాను, తగ్గితే తగ్గిస్తాను." చివరి మాట ముఖ్యం. తగ్గిస్తాను అన్నారంటే అవతలివాళ్లు నమ్ముతారు. స్కూల్ వ్యాన్లకి, పాల బండ్లకి, క్యాంటీన్ సప్లైకి ఇది బాగా పనికొస్తుంది.

మూడోది, ఖాళీ కిలోమీటర్లు తగ్గించడం. లోడు దించి ఖాళీగా వచ్చే దూరం మొత్తం నష్టమే. ఒకే అడ్డా మీద ఉండే పదిమంది ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని, ఎవరు ఎటు వెళ్తున్నారో చెప్పుకుంటే తిరుగు లోడు దొరికే అవకాశం పెరుగుతుంది. అదే గ్రూప్‌లో కనీస రేటు మీద ఒక మాటకి కూడా రావొచ్చు. ఇందాక చెప్పాను కదా, అందరూ విడివిడిగా పాత రేటుకి తిరగబట్టే అందరూ నష్టపోతున్నారు. టైర్లలో గాలి సరిగ్గా ఉంచడం, లోడు ఎక్కించేటప్పుడు ఇంజన్ ఆపడం, ఇవి చిన్నవే, కానీ పైసా ఖర్చు లేనివి.

నాలుగోది, ఎలక్ట్రిక్ బండి. కిలోమీటరు ఖర్చు డీజిల్ కంటే బాగా తక్కువ, అందులో అనుమానం లేదు. కానీ తొందరపడొద్దు. రోజుకి ఎంత దూరం, ఎంత లోడు, చార్జింగ్ ఎక్కడ, అద్దె ఇంట్లో ఓనరు ఒప్పుకుంటారా, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, కిస్తీ ఎంత, అన్నీ రాసుకోండి. డీజిల్‌లో మిగిలేది కొత్త కిస్తీ కంటే ఎక్కువైతేనే లాభం. రోజూ ఒకే రూట్లో ఎనభై, వంద కిలోమీటర్లలోపు తిరిగేవాళ్లకి లెక్క కుదరొచ్చు. దూరపు కిరాయిలకి వెళ్లేవాళ్లకి ఇప్పుడే కుదరకపోవచ్చు.

ఇక ప్రభుత్వాల వైపు. ఆటో మీటర్ రేటు ఎనిమిదేళ్లకో పదేళ్లకో గొడవలు చేస్తే మార్చేది కాకుండా, ఇంధనం రేటుకి కట్టి ఏడాదికోసారి దానంతటదే మారేలా పెట్టొచ్చు. పైకీ మారాలి, కిందికీ మారాలి. మత్స్యకారుల సబ్సిడీ కూడా 9 రూపాయలు అని కట్టెయ్యకుండా రేటులో ఇంత శాతం అని పెడితే, రేటు పెరిగినప్పుడు సాయం కూడా పెరుగుతుంది. వ్యాట్ శాతంలో ఉన్నప్పుడు సాయం కూడా శాతంలో ఉండటం న్యాయమే కదా. తీసుకునేది పెరుగుతూ పోయి, ఇచ్చేది అక్కడే ఆగిపోతే ఎలా?

చివరిగా మన వైపు. ప్లంబర్ అన్న వచ్చి చూసి, చిన్న వాషర్ మార్చి, రెండొందలు అడిగితే "పది రూపాయల వాషర్‌కి రెండొందలా" అంటాం. ఆయన ఎనిమిది కిలోమీటర్లు వచ్చాడు, ఎనిమిది కిలోమీటర్లు వెళ్తాడు. మధ్యలో గంట ట్రాఫిక్‌లో బండి ఆన్‌లో ఉంది. వాషర్ షాపుకి వెళ్లి తెచ్చాడు. అడిగిన ప్రతి రూపాయీ ఇచ్చెయ్యమని నేను చెప్పట్లేదు. ఎక్కువ అడిగేవాళ్లూ ఉంటారు, బేరం మన హక్కే. కానీ బేరం ఆడేముందు దూరం అడగండి. ఒకేసారి మూడు పనులు చెప్పి ఒక్క ట్రిప్పులో చేయించుకోండి, మీకూ తక్కువ పడుతుంది, ఆయనకీ పెట్రోల్ మిగులుతుంది. సామాను తెప్పించుకునేటప్పుడు పక్కింటివాళ్లది కూడా కలిపి ఒక బండి మాట్లాడండి. ఇది జాలి చూపించడం కాదు, ఇద్దరికీ కలిసొచ్చే లెక్క.

ఈ రోజుకి ఒక పని చెప్తాను, చెయ్యండి. మీకు తెలిసిన ఒక బండి అన్ననో, టిఫిన్ సెంటర్ అక్కనో అడగండి: "రోజుకి ఎన్ని లీటర్లు, నెలకి ఎన్ని సిలిండర్లు, చివరికి మిగిలేది ఎంత?" ఈ మూడు అంకెలతో మనం ఇందాక చేసిన లెక్క వాళ్ల ముందే ఫోన్‌లో చేసి చూపించండి. పది రూపాయలు పెరిగితే ఎంత పోతుంది, దాన్ని పూడ్చడానికి ఎంత అడగాలి, రెండూ తెలిసిపోతాయి. ఆ అంకె చూసి వాళ్లు ఏమన్నారో కింద రాయండి, పేర్లు వద్దు, ఊరు, పని, అంకెలు చాలు. ఎక్కువమంది రాస్తే ఆ లెక్కల మీదే ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఉంటాను మరి. బండి నడిపేవాళ్లు జాగ్రత్తగా నడపండి, టైర్లు ఒకసారి చూసుకోండి. నమస్తే.